కడపటి సంపుటము

"రెండు కొప్పు లొకచోట నిముడవు" అను సామెతను వినని యాడది మన దేశమున నుండదు. ఒక యింట నిద్దరు కోడండ్రున్నను, ఒక తరగతిలో నిద్దరు తెలివిగల బాలికలున్నను, లోకము వెంటనే వారి నెదురెదురుగా నిలువబెట్టి, ఎవరు గెలుతురో చూతమని చుట్టును జేరును. ఆ సామెతను నేనును జిరకాలము నమ్మితిని. నా నమ్మకమును గదలించినది యొక యింగ్లీషు కథాగ్రంథము. అదియు బాలికలు చదువుకొను కల్పనాకథ. సోదరీమణులు నవ్వినను సరియే, జరిగినది జరిగినట్లు చెప్పెదను.

మా కాపురము లింగంపల్లి. మావారు బడిపంతులు. మా మామగారు పాత యూరిలో నిల్లు కట్టుకొనిన నాడు చుట్టును జేలును, రాతిగుట్టలును దక్క మరేమియు లేవని చెప్పుచుండెడివారు. పిదప 1998లో మాదాపురమున సైబర్ టవర్సు తెరచిరి. 2003లో మా స్టేషనునుండి ఎమ్.ఎమ్.టి.ఎస్. బండ్లు నడువసాగెను. చేలున్న చోట నంతస్తులమీద నంతస్తులు లేచెను. నేల వెల పెరిగినకొలది మా యింట మాట వెల తగ్గెను. మామగారు పోయిన పిమ్మట నన్నదమ్ములిద్దరు నిల్లు పంచుకొనిరి. వేపచెట్టున్న పెరటితునక యెవరిదను తగవు మాత్రము తేలక నేటికిని నిలిచియున్నది. నడుమ గోడ లేచెను. గోడ కావల మా బావగారి కుటుంబము, ఈవల మేము. నా తోడికోడలు, మా వైపున నేరాలందురు, నాకంటె నాలుగేండ్లు పెద్ద. పదేండ్లొక పొయ్యిమీద వండుకొంటిమి. ఆమెను "అక్కయ్యా" యని పిలిచెడిదానను. ఆ పిలుపు నా నోట వచ్చి యారేండ్లయ్యెను.

నేను బడికి బోయి చదివినదానను గాను. మా తాతగారు వీథియరుగుమీద గూర్చుండబెట్టుకొని, శతకములు మొదలు భారతమువరకు దామే చెప్పిరి. పరీక్షలు పిదప నింటనుండియే వ్రాసితిని. ఇంగ్లీషు పెండ్లియైన పిమ్మట మావారు నేర్పినది. నిఘంటువు చేత నున్నగాని ధైర్యముగా జదువలేను.

మొన్నటి వేసవి సెలవులలో నొకనాడు మా యమ్మాయి పక్క దులుపుచుండగా, తలగడక్రింద లావుపాటి యింగ్లీషు పుస్తకమొకటి కనబడెను. దాని పేరు 'ఫైవ్ డార్క్ ఫేట్స్'. అయిదు చీకటి విధులని దాని కర్థము చెప్పవచ్చును. మొదటి పుటమీద వ్రాసియున్న పేరు చూచి నా చేయి యాగినది. అది మా బావగారి కూతురి పేరు.

"ఇది యెక్కడిది?" అని యడిగితిని. పిల్ల ముఖము వెలవెలబోయెను.

"అక్క యిచ్చినదమ్మా. ముందు మూడు సంపుటములును అక్కయే యిచ్చినది. మేడమీది పిట్టగోడ దగ్గర నిచ్చి పుచ్చుకొనుచున్నాము. ఇదే కడపటిది."

"పెద్దమ్మకు దెలియునా?"

పిల్ల తల యడ్డముగా నూపెను.

నాకు గోపము వచ్చెను. దాని వెనువెంటనే సిగ్గు వచ్చెను. పెద్దలము మేము లేపిన గోడను బిల్లలు నాలుగు పుస్తకములతో దాటిరి. అయినను దల్లిని గదా! అందేమి యున్నదో చూడకుండ దిరిగి యీయనని పుస్తకము చేత బట్టుకొంటిని. "ముందు మూడు తెలియనిదే యిది నీకు దెలియదమ్మా" యని పిల్ల నసిగినది. "అట్లయిన నవియు నీవే చెప్పు" మంటిని. వారము దినములు నేను కూరలు తరుగుచుండగా, బియ్యమేరుచుండగా, నా ప్రక్కన గూర్చుండి యా కథ యంతయు దెలుగున జెప్పెను. మా తాతగారి తరువాత నాకు గథ చెప్పినది నా కూతురే.

ఆ కథలను వ్రాసిన రచయిత్రి కెండారే బ్లేక్. ఆమె దక్షిణ కొరియాలో బుట్టి యమెరికాలో బెరిగినది. మొదటి సంపుటము 'త్రీ డార్క్ క్రౌన్స్' 2016లో వెలువడినది. 2017లో 'వన్ డార్క్ థ్రోన్', 2018లో 'టూ డార్క్ రెయిన్స్', 2019లో నీ కడపటిది వచ్చినవి. ఫెన్‌బిర్న్ అను ద్వీపమున దరతరమునకు ముగ్గురు రాచబిడ్డలు కవలలుగా బుట్టుదురు. ఆరేండ్లు నిండగానే వారిని విడదీసి, మూడూళ్ళలో మూడు కుటుంబములకు బెంపకమున కిత్తురు. ఒక్కొక్కరి కొక్కొక శక్తి యని చెప్పుదురు. మిరబెల్లకు గాలివానలును, నిప్పును వశములు. ఆర్సినోయికి మృగములును, మొక్కలును వశములని పేరు. కేథరీన్ విషమును భుజించియు బ్రతుకగలదని పేరు. పదునారవయేట వారికి బోరు మొదలగును. ఒకతె తక్కిన యిద్దరిని జంపి కిరీటమును ధరింపవలయును. అది యా ద్వీపపు ధర్మము.

"ఇది యేమి ఘోరము! తోబుట్టువులు చంపుకొనుటయా? ఆ తల్లికి దెలియదా?" యంటిని.

"తల్లి ముగ్గురిని గని, ద్వీపము విడిచి వెడలిపోవలయునమ్మా. అదియు వారి నియమమే" యని మా యమ్మాయి సెలవిచ్చినది.

రచయిత్రి కీ యూహ తేనెటీగలవలన గలిగినదట. మావారు బడిలో శాస్త్రపాఠములు చెప్పువారు గావున నాయననే యడిగితిని. మా చుట్టుపట్ల నెత్తయిన మేడల చూరులకు దేనెపట్టులు వ్రేలాడుట నిత్యము చూచుచునే యుందుము గాని, వానిలోపలి రాచరికమును గూర్చి నే నెన్నడును విచారింపలేదు. రాణియీగ ముదిసినప్పుడో, పట్టులో సగము వేరై లేచిపోవునప్పుడో, పనియీగలు కొన్ని పిల్లపురువుల నెంచుకొని, తాము స్రవించు ప్రత్యేకాహారమును విడువక పెట్టుచుండునట. అదే పురువు మామూలు మేత తినినచో బనియీగ యగును. ఈ మేత తినినచో రాణి యగును. గ్రుడ్డు పెట్టిన పదునారు దినములకు రాణి వెలువడును. ముందుగా వెలువడినది, ఇంకను గూళ్ళలో నున్న తన తోబుట్టువులను గుట్టి చంపును. ఇద్దరొక్కసారి వెలువడినచో నొకతె చచ్చువరకు బోరుదురు. మరియొక గుంపు లేచిపోవలసి యున్నప్పుడు మాత్రము పనియీగలే యా గూళ్ళకు గాపలా నిలిచి, చంపనీయవట.

ఈ కడపటి మాట నా మనస్సున నాటుకొనెను. చంపుటకు రాణులను సిద్ధపరచువారును, కావలసినప్పు డాపువారును బనియీగలే! పోరునది రాణి, పోరు కోరునది పట్టు.

ఆ నవలలోను నట్లే జరిగినది. కేథరీన్‌ను బెంచిన కుటుంబము, విషమును దట్టుకొను శక్తి రావలెనని, చిన్ననాటినుండియు నామెకు విషము పెట్టును. ఆ పిల్ల దేహమంతయు మచ్చలుపడి, ఎముకలు తేలి, తన శక్తి చాలదని కుమిలిపోవును. ఆర్సినోయి యెంత యత్నించినను మొగ్గ విచ్చదు, మృగము మాట వినదు. తుద కొక రహస్యము బయటపడును. పసినాడే యాయిద్దరు బిడ్డలును దారుమారైరి! మొక్కల శక్తి గల బిడ్డకు విషము పెట్టిరి. విషము జీర్ణించుకొను బిడ్డను మొగ్గలు విప్పుమనిరి. ఒకరి కొలతతో మరియొకరిని గొలిచి, ఇద్దరిని జేతగానివారనిరి. ఇది విని నేను గత్తిపీట ప్రక్కకు నెట్టి కొంతసేపట్లే కూర్చుంటిని.

కడపటి సంపుటమును మాత్రము నేనే చదివితిని. పదునైదు రాత్రులు పట్టెను. అప్పటికి గేథరీన్ కిరీటమును ధరించి రాజ్యమేలుచున్నది. చచ్చిరనుకొనిన యక్కచెల్లెండ్రిద్దరు బ్రతికి తిరిగివచ్చిరి. ద్వీపముచుట్టును నుండి యిన్నినాళ్ళు కాపాడిన మంచే యిప్పుడు జనమును మింగుచున్నది. ఆర్సినోయి తిరుగుబాటుదారులవైపున నున్నది. మిరబెల్ల మాత్రము సంధి చేసికొని, తన్ను జంపజూచిన కేథరీన్ కోటలోనికే యతిథిగా బోవును. ఇంతకంటె గథ చెప్పను. చదువబోవు బాలికల సంతోషమును హరించుట నాకు దగదు.

గ్రంథమున దోషములు లేకపోలేదు. రక్తపాతము మితిమీరినది. పాత్రలు పెక్కురు, ఒక యూరు మనస్సున నిలుచులోపల మరియొక యూరికి లాగుకొనిపోవును. అయినను నందొక్క కల్పన నన్ను వెన్నాడినది. పూర్వ తరములలో నోడిపోయిన రాణుల దేహముల నొక లోతైన బిలమున బడవేయుచుండిరి. కేథరీన్ నొకనాడా బిలమున ద్రోయగా, ఆ చచ్చిన రాణులే యామెను బైకి దెచ్చిరి. తెచ్చి యామెలోనే కాపురముండిరి. ఇక నామె నోట బలుకునది యామె యొక్కతె కాదు. తాము పొందని కిరీటముకొరకు, తీరని పగకొరకు, ఓడినవారందరు నామె చేతిని నడిపింతురు. గెలిచిన రాణికి బట్టిన దయ్యములు ఓడిన రాణులే!

చదువుచున్నంతసేపును నాకు దాతగారి యరుగు జ్ఞప్తికి వచ్చుచుండెను. మన భారతమునకును మొదలిట్టి పోటీయే. ఆదిపర్వమున నన్నయభట్టు చెప్పిన వినత కద్రువలు కశ్యపుని భార్యలు. కద్రువకు గొడుకులు ముందు పుట్టిరని వినత యోర్వలేక, తన గ్రుడ్డు నొకదానిని జిదిపెను. సగము దేహముతో ననూరుడు పుట్టి, తల్లిని దాసివి గమ్మని శపించెను. ఆ పర్వముననే గాంధారి, కుంతికి గొడుకు పుట్టెనని విని, తన కడుపును దానే కొట్టుకొనెను. పడిన మాంసపుముద్దను వ్యాసులవారు నేతికుండలలో బెట్టించి, నూర్గురు కొడుకులను, ఒక కూతురిని నిలిపిరి. రెండు కథలయందును నెదుటిదానిమీది యసూయ ముందుగా దగిలినది సొంత బిడ్డకే. చిన్ననాడిది కథగా వింటిని; ఇప్పుడు తల్లినై వినుచున్నాను.

అది మొదటి సంపుటమందురా, మరి కడపటి సంపుటమున నేమి జరిగినది? తిక్కనసోమయాజి విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు వ్రాసి భారతమును ముగించెను. వానిలో యుద్ధపర్వములు చదువువారు పెక్కురు. ఆశ్రమవాసపర్వము తెరచువారు తక్కువ. యుద్ధము ముగిసి పదునైదేండ్లు గడచిన పిమ్మట ధృతరాష్ట్రుడు భార్యతో నడవికి బోవ నిశ్చయించెను. కుంతి రాజమాత, గెలిచిన పక్షముది. కొడుకు లెంత బతిమాలినను వినక, కొడుకులు గెలిచిన రాజ్యమున సుఖింప నొల్లక, ఆమె వారి కూడిగము చేయుటకై వెంట నడచెను. ముందు కుంతి, కన్నులకు గంత గట్టుకొనిన గాంధారి యామె భుజముపై జేయి వైచెను, గాంధారి భుజముపై గ్రుడ్డిరాజు చేయి వైచెను. నూర్గురు కొడుకులను గోలుపోయిన తల్లికి, ఆ కొడుకులను జంపినవారి తల్లి కన్నులయ్యెను. మరికొన్నేండ్లకు గంగాతీరపుటడవిలో గార్చిచ్చు చుట్టుకొనగా, ముగ్గురు నొక్కచోటనే దేహములు విడిచిరి.

గెలుపోటములు పదునెనిమిది దినములలో దేలెను. ఆ చేయి యా భుజముమీదికి వచ్చుటకు బదునైదేండ్లు పట్టెను. కుంతియు గాంధారియు దోడికోడండ్రే సుమా! తాతగారీ ఘట్టము చెప్పునప్పుడు గొంతు తగ్గించి చెప్పెడివారు. ఎందుకో నాకు నాడు తెలియలేదు.

మా యింటి సంగతి విచారించుకొంటిని. మా యత్తగారు చెడ్డవారు కారు. కాని ప్రొద్దు లేచినది మొదలు మమ్ము దూచుచుండెడివారు. నా యెదుట "పెద్దకోడలి పనివాటము నీకేది?" యనెడివారు, అక్కయ్య యెదుట "చిన్నకోడలి చదువు నీకేది?" యనెడివారు. పని చేతగాదని నేనును, చదువు లేదని యామెయు గుమిలితిమి. తప్పుడు కొలతతో గొలువబడిన యా రాచబిడ్డలకును మాకును భేదమేమి? ఇక నత్తగారి సంగతి. ఆమె కాపురమునకు వచ్చిన క్రొత్తలో, తెచ్చిన కట్నము చాలలేదని, తన తోడికోడలి నగలనెత్తి చూపి యామెను గేలిచేసిరట. వంటయింట నామె మాకు బెట్టినది, తనకు బెట్టిన మేతయే. ఆమె నోట బలికినది యామె యొక్కతె కాదు. ఆమె పోయి యారేండ్లు దాటెను. ఆ మాటలు మాత్రము నేటికిని నా నోటను, అక్కయ్య నోటను బ్రతికియున్నవి.

అంతకంటె వెరపించు సంగతి మరియొకటి. ఆ పిల్లకు గణితమున నెన్ని మార్కులు వచ్చినవో కనుగొని రమ్మని, పరీక్షఫలితములు వచ్చిన ప్రతిసారియు బొరుగమ్మ నంపినది నేనే. ఆమెకంటె రెండు తక్కువ వచ్చినవని నా పిల్లకు రాత్రి యన్నము సహింపనీయనిది నేనే. గోడ కావల నక్కయ్యయు నట్లే చేయుచుండునని నాకు దెలియును. పదునారేండ్లు నిండకమున్నే మే మిద్దరము పనియీగలమై మేత కలుపుచున్నాము. పిల్లలు మాత్రము మమ్ము మోసగించి, పిట్టగోడ దగ్గర రాణుల కథను బంచుకొనుచున్నారు.

పుస్తకము ముగిసిన మరునాటి సాయంకాలము నేనే దానిని జేత బట్టుకొని, వీథిగుమ్మము దిగి, నాలుగడుగు లావలి గుమ్మమెక్కితిని. మా యమ్మాయి వెనుకనుండి చూచుచు నిలిచెను. అక్కయ్య తలుపు తీసి, నన్ను జూచి, చెంగు సవరించుకొని పక్కకు దొలగినది. రమ్మనలేదు; పొమ్మనలేదు. లోపలికి బోయి పీటమీద గూర్చుంటిని.

"మీ యమ్మాయి పుస్తకము. తిరిగి యీయ వచ్చితిని" అంటిని.

ఆమె పుస్తకము నిటునటు త్రిప్పి చూచెను. సంగతి యంతయు జెప్పితిని. పిల్లల దొంగతనమునకు గోపించుననుకొంటిని. నవ్వు నాపుకొనుటకు బెదవి కొరుకుకొనినది.

అప్పుడు నే నడిగితిని: "అక్కయ్యా, అత్తగారి కర్మలనాడు, 'పెద్దది మంచముకడ జాకిరి చేసెను, చిన్నది పుస్తకము పట్టుకొని కూర్చుండెను' అని చుట్టముల యెదుట నీ వంటివని వింటిని. నిజముగా నంటివా?"

ఆమె కొంతసేపు మాటాడలేదు. "అంటిని" అనెను. "నీ వంతకుముందే, 'పదవతరగతి దాటని మనిషికి బంపకముల లెక్క యేమి తెలియు'నంటివట గదా?"

"అంటిని" అని నేనును జెప్పితిని.

ఇద్దరిలో నొకరమైన లేదనియుందుమేని, తగవు మరి యారేండ్లు సాగియుండును. ఆమె లేచి పొయ్యిమీద డికాక్షను పెట్టెను. నా కప్పు చక్కెర తక్కువగా, పాలెక్కువగా గలిపినది, ఆరేండ్లైనను మరవలేదు. కాఫీ త్రాగుచు, "ఇంతలావు పుస్తకమున నేమున్నది? కడకు గెలిచినదెవరు?" అని యడిగెను.

"మొదటి సంపుటమునుండి వినవలయును. రేపు సాయంకాలము వచ్చి చెప్పెదను" అంటిని.

పెరటితునక తగవు తేలలేదు. మగవా రిద్దరును సర్వేయరుకొర కెదురు చూచుచున్నారు. ఆ వేపచెట్టెవరి వంతునకు వచ్చునో నేనెరుగను. కాని యిప్పటికి దొమ్మిది సాయంకాలములు దానిక్రిందనే కూర్చుండి, నేను రెండవ సంపుటము నడుమకు వచ్చితిని. పిల్లలిద్దరును జెరియొక ప్రక్కను జేరి, నా యింగ్లీషు పేర్లు దిద్దుచున్నారు. వారి మార్కుల మాట యా చెట్టుక్రింద నెత్తగూడదని మేము తోడికోడండ్ర మిద్దరము నియమము పెట్టుకొంటిమి.

సోదరీమణులారా, మీ యింట బాలికలు రాణుల పోరాటపు గథలు చదువుచున్నయెడల, పుస్తకము లాగుకొనకుడు. ప్రక్కన గూర్చుండి చెప్పించుకొనుడు. ఎవరు గెలిచిరని మాత్రమే యడుగక, వారినెవరు పోరాడించిరో యదియు నడుగుడు. మీకును గోడ కావల నొక తోడికోడలున్నయెడల, కడపటి సంపుటము వచ్చువరకు దాళకుడు.